తగ్గిందన్న మాట

బస్సు గుంతలో పడినప్పుడల్లా నా కుడిచెయ్యి కడుపు మీదికి పోతుంది. నాకక్కడ ఏ జబ్బూ లేదు. ఒక మనిషి దగ్గర అంటుకున్న అలవాటు.

మొన్న కర్నూలు నుంచి కడపకు పోతుంటే డ్రైవరు స్పీడ్‌బ్రేకరు చూసుకోలేదు. బస్సు ఎగిరి పడింది. ముందు సీట్లో పెద్దాయన "ఏమప్పా, మనుషుల్ని తోలుకపోతాండావా, శెనిక్కాయ మూటల్నా?" అని అరిచాడు. అందరూ నవ్వారు. నేను మాత్రం చెయ్యి కడుపుకు కుడిపక్కన కింద అదిమిపెట్టి, నొచ్చిందా లేదా అని చూసుకుంటూ కూర్చున్నాను.

మొన్న అని రాశాను. నాకు ఆ అలవాటు అంటించిన ఆమె చదివితే ఊరుకునేది కాదు. "మొన్నంటే ఏ దినం? ఆదివారమా, సంత దినమా? పాలబండి వచ్చినాకనా, రాకముందా?" అని పట్టుకునేది. మా వైపు మొన్న అంటే రెండు రోజుల కిందట అని ఎవరూ అనుకోరు. పోయిన వారమూ మొన్నే, పోయిన ఉగాదీ మొన్నే. "మొన్నట్నుంచి కడుపునొప్పి" అన్న మనిషి ఎదురుగా కూర్చుని, ఆ మొన్నను రోజుల్లోకి, రోజుల్ని గంటల్లోకి దించడం ఆమె పని.

ఆమె పోయి ఇంకా ఏడాది నిండలేదు. నాతో ఆఖరుసారి మాట్లాడినప్పుడు అన్న మాట, ఎవరు చెప్పినా నమ్మవద్దని ఆమే నాకు నేర్పిన మాట. నేను నమ్మాను. అది చెప్పుకోవడానికే ఇదంతా. కానీ ఆమె ఎట్లాంటిదో చెప్పకుండా ఆ మాట దగ్గరికి పోతే అది ఉత్త మాటగానే వినపడుతుంది.

బనగానపల్లెకు, కోయిలకుంట్లకు మధ్య పల్లెలకు ఒకప్పుడు ఒక చిన్న మిషన్ ఆసుపత్రి దిక్కు. ఏ ఊరో ఎందుకులే, ఇప్పుడక్కడ ఆపరేషన్ గదికి తాళం ఉంది. ఆ రోజుల్లో అక్కడి పెద్ద డాక్టరు కడుపునొప్పితో వచ్చేవాళ్ల మీద ఒక పరిశీలన మొదలుపెట్టాడు. కడుపు కోయకముందు తాము అనుకున్న జబ్బేమిటి, కోసి చూస్తే లోపల ఉన్నదేమిటి, కోయించుకున్న మనిషి నెలకు ఎట్లా ఉన్నాడు, మూడు నెలలకు ఎట్లా ఉన్నాడు, ఏడాదికి ఉన్నాడా. ఇదంతా ఒక్కొక్కరికి ఒక్కొక్క ఫారంలో ఎక్కించాలి. వార్డులో ఆయాగా పనిచేస్తున్న ఆమె చేతిరాత గుండ్రంగా ఉందని ఆ ఫారాలు ఆమెకు అప్పగించారు. అప్పట్నుంచి ఆమె అసలు పేరు ఆసుపత్రి మరిచిపోయింది. ఫారాలక్క అయింది. పల్లెల్లో కూడా ఆ పేరే. నేనూ అక్కా అనే పిలిచేవాణ్ణి.

పొట్టి మనిషి. భుజాన గుడ్డసంచి, సంచిలో ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఫారాలు. పెన్ను కొప్పులో గుచ్చుకుని, "నా పెన్ను యాడబోయె?" అని వార్డంతా వెతికేది. పడుకున్న రోగులు చెయ్యెత్తి ఆమె తల వైపు చూపించేవాళ్లు. అప్పుడు నవ్వేది. ఆ వెతుకులాట నిజంగా మతిమరుపో, కదలకుండా పడి ఉన్న మనుషులతో ఒక చెయ్యి ఎత్తించే ఉపాయమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఫారంలో నొప్పి ఎలాంటిదనే దగ్గర నాలుగు గడులుండేవి. నాలుగింటి మీదా ఇంగ్లిషు ముక్కలు. మా జనం నొప్పి ఆ నాలుగింట్లో పట్టేది కాదు. "లోపల ఎవరో తడిగుడ్డ పిండుతాండారమ్మా" అనేది ఒకామె. "ఎలక కొరికినట్టు, కొరికి సూసినట్టు, మళ్లా కొరికినట్టు" అనేవాడు ఒకాయన. నాపరాళ్ల గనిలో పనిచేసే మనిషి ఒకడు "పలక కింద చెయ్యి పడినట్టుండాది, తీసేవాళ్లు లేరు" అన్నాడు. ఆమె ఏ గడిలోనూ టిక్కు పెట్టకుండా అవన్నీ మార్జిన్‌లో పొందికగా రాసేది. పెద్ద డాక్టరు మొదట కోప్పడ్డాడు. "గడి ఉన్నది దేనికి? నువ్వు కథలు రాస్తున్నావా?" అన్నాడు. ఆమె ఎదురు చెప్పలేదు, మానలేదు. రెండోసారి ఫారాలు అచ్చు వేయించినప్పుడు చూస్తే, మార్జిన్ రెండు వేళ్లు ఎక్కువుంది. డాక్టరు దాని గురించి ఒక్క మాటా అనలేదు. ఆమె మాత్రం ఆ మార్జిన్ మీద వేళ్లు పెట్టి నాకు కొలిచి చూపించింది.

నేనప్పుడు పేపరు విలేకరిని. ఆ ఆసుపత్రికి పోయింది ఒక బస్సు ప్రమాదం వార్త కోసం. క్షతగాత్రుల పేర్లు రాసుకుంటుంటే పక్క వార్డులోంచి నవ్వులు వినపడ్డాయి. ఆపరేషన్ల వార్డులో నవ్వులేమిటని తొంగిచూశాను. ఆమె ఒక ముసలాయన మంచం దగ్గర నిలబడి ఉంది. కడుపు కోసిన తర్వాత పేగులు మళ్లీ కదిలాయని తెలియాలంటే కిందినుంచి గాలి పోవాలి. అదయ్యేదాకా నోటికి ఏమీ ఇవ్వరు.

"గాలొచ్చిందా తాతా?" అంది ఆమె.

"యాడిదమ్మా గాలి? పొద్దుట్నుంచి కరెంటు లేక ఫ్యాన్ తిరగడంలే గదా."

"ఆ గాలి కాదు తాతా, నీ గాలి."

"నా గాలా? నాదేముండాది, సర్కారోళ్లు ఇచ్చినప్పుడే."

వార్డంతా నవ్వింది. కుట్లు పట్టుకుని, "అయ్యో, నవ్వించాకక్కా, నొస్తాది" అంటూ నవ్వింది. ఆమె నవ్వకుండా ఒక్కో మంచాన్నీ చూసి, ఒకామె దగ్గర ఆగి, కొప్పులోంచి పెన్ను తీసి ఏదో రాసుకుంది. ఏమి రాశావని తర్వాత అడిగాను. "అందరూ నవ్వేటప్పుడు కుట్ల మీద చెయ్యి పెట్టినారు. ఆ మూలామె నవ్వకుండా పక్కమీద చెయ్యి పెట్టింది. ఆమెను డాక్టరు సూడాల" అంది. చూశారు. మూత్రపిండంలో ఏదో దొరికింది.

ఎట్లుండావు అని ఆమె ఎవరినీ అడిగేది కాదు. ఆ ప్రశ్నకు మా సీమలో ఒకటే జవాబు, బాగుండాను. కట్టెల మీద పెట్టినా అదే చెప్తారని ఆమె అనేది. బదులుగా వేరేవి అడిగేది. ఏ దావన వచ్చినారు? ఆటోలో ఏ పక్కన కూర్చున్నావు? కుందూ వంతెన దిగేకాడ బండి ఎగురుతాది గదా, ఆడ యాడ నొచ్చింది? చుట్టుపట్ల దారుల్లో ప్రతి గుంతా ఆమెకు తెలుసు. గుంతలో పడినప్పుడు కడుపుకు కుడిపక్కన కింద సూదిపెట్టి పొడిచినట్టు నొచ్చిందంటే, మనిషిని కూర్చోనిచ్చేది కాదు, లోపలికి తీసుకుపోయేది. "రోడ్లు బాగుచేస్తే నా పని పోతాదప్పా, నువ్వు ఆ గుంతల మీద పేపర్లో రాయాకు" అని నన్ను ఆటపట్టించేది. నేను ఆ గుంతల మీద చాలాసార్లు రాశాను. ఆమె పనికేమీ ముప్పు రాలేదు.

ఆమె మీద ఒక పూర్తి పేజీ కథనం రాసి పంపాను. డెస్కులో ఏమయిందో, పెద్ద డాక్టరు ఫోటోతో నాలుగు వాక్యాలు వచ్చాయి. ఫోటోలో ఒక అంచున ఫారం పట్టుకున్న చెయ్యి కనపడుతుంది. మొహం వేలాడేసుకుని ఆమె దగ్గరికి పోయాను. ఆమె పేపరు దగ్గరగా పెట్టుకుని చూసి, "నా చెయ్యి బాగా పడిందిలే. గాజులు గూడా తెలుస్తాండాయి" అంది.

ఆ కథనం కోసమే ఒకరోజు ఆమె వెంట పల్లెకు పోయాను. నాపరాయి పలక కింద చెయ్యి పడినట్టుందన్న గనిమనిషి ఇంటికి. ఆపరేషన్ అయి నెల దాటినా అతను రాలేదు. రానివాళ్ల ఎదురుగా రాయడానికి ఫారంలో చివర ఒక గడి ఉంది, ఆచూకీ లేదు అని. ఆ గడిలో ఆమె టిక్కు పెట్టగా నేను చూడలేదు. రెండు బస్సులు మారి పోయేది, మనిషి లేకపోతే మళ్లీ పోయేది.

అతను అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. "వందనాలక్కా" అన్నాడు. అతని భార్య చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"రెండు దినాలు నొచ్చెనక్కా. ఇప్పుడు తగ్గింది" అన్నాడు అతను, అడగకుండానే.

"అట్లనా. మంచిదే. ఒకసారి దగ్గు."

"దగ్గు లేదక్కా నాకు."

"లేదని తెలుసులేప్పా. దగ్గమంటే దగ్గు."

అతను దగ్గాడు. దగ్గకముందే చెయ్యి పొట్ట మీదికి పోయింది. ఆమె చెంబు కింద పెట్టింది.

"ఒంటికాలి మీద ఒక ఎగురు ఎగురు."

"ఏం ఆటలక్కా ఇవి, పిల్లోళ్ల మాదిరి!" భార్య నవ్వబోయి, అతని మొహం చూసి ఆగింది. అతను కాలు ఎత్తాడు కానీ ఎగరలేదు. నుదుటి మీద చెమట పట్టింది.

"సంచిలో రెండు గుడ్డలు పెట్టుకో మే. పోదాం" అంది ఆమె, భార్యతో.

లోపల చీము పట్టింది. ఆ సాయంత్రమే మళ్లీ కోశారు. మనిషి బతికాడు. ఇప్పటికీ ఉన్నాడు.

ఆరోజు తిరుగు బస్సులో నేను అడిగాను. తగ్గిందని అంత తేటగా చెప్తుంటే నువ్వెందుకు నమ్మలేదక్కా అని. ఆమె కిటికీలోంచి నల్లరేగడి చేలు చూస్తూ చెప్పింది. ఆ మాటలు నా నోటుబుక్కులో ఇంకా ఉన్నాయి.

"తగ్గిందనేదాంట్లో రెండు అబద్ధాలుండాయప్పా. ఒకటి నొప్పి చెప్పే అబద్ధం. లోపల పేగు వాచి వాచి పగులుతాది సూడు, పగిలినప్పుడు కొంచేపు హాయిగా ఉంటాది. బిగిసిందంతా వదిలినట్టుంటాది. వాడు తగ్గిందనుకుంటాడు, నిజంగానే అనుకుంటాడు. ఆ తర్వాత విషమంతా కడుపంతా పాకుతాది. ఇంగొకటి మనిషి చెప్పే అబద్ధం. అడిగినోళ్ల మొకం సూసి చెప్తారు. పాపం ఈయమ్మ ఇంత దూరం వచ్చె, చెమటలు పట్టె, ఇంగ నొస్తాందని ఎట్ల చెప్పేదని. మనోళ్లకు నొప్పి కంటే మొగమాటం శానా."

"ఏది ఏదో ఎట్లా తెలుస్తుంది?"

"తెలీదు. అందుకే పోవాల. ఫోన్లో అడగగూడదు. పోయి దగ్గించాల."

పోవాల అన్నది ఆమె. నేను రాసుకున్నాను కూడా.

తర్వాత పెద్ద డాక్టరు వయసు మీదపడి వెళ్లిపోయాడు. ఆయన బదులు వచ్చినవాళ్లు నిలవలేదు. ఆపరేషన్ గది మూశారు. పరిశీలన మధ్యలో ఆగింది. ఆమెను ఇంటికి పంపించారు. అయినా కొన్ని నెలలపాటు ఆ గుడ్డసంచి భుజాన వేసుకుని ఆమె బస్సులెక్కడం మానలేదు. ఎవరి కోసం తిరుగుతున్నావని అడిగితే, "ఎనిమిది మందికి ఏడాది నిండలా గదప్పా" అంది. ఎనిమిది మందినీ చూసివచ్చి, ఫారాలు నింపి, రేకుపెట్టెలో పెట్టి, చర్చి వెనక తన ఒంటిగదిలో మంచం కిందికి తోసింది. ఆ ఫారాలు ఎవరూ అడగలేదు. పెద్ద డాక్టరుకు నేను రెండుసార్లు ఫోన్ చేశాను. ఆయనకు నేనెవరో గుర్తురాలేదు.

ఆ తర్వాత మా మాటలు ఫోన్లోనే సాగాయి. రాసేటప్పుడు ఏదైనా మా వైపు మాట తట్టకపోతే ఆమెకు ఫోన్ చేసి అడిగేవాణ్ణి. పోయిన ఎండాకాలం ఒక ఆదివారం మధ్యాహ్నం కూడా అట్లాగే చేశాను. ఏ మాట కోసమో ఇప్పుడు గుర్తు లేదు. ఎత్తినప్పుడు ఆమె ఆయాసపడుతోంది.

"ఏమక్కా, అట్లా మాట్లాడుతున్నావ్?"

"ఏంలేదప్పా. నిన్న పొద్దున పాలబండి పోయినాక బొడ్డుకాడ నొప్పి మొదలాయ. పొద్దుగూకేలకు కుడిపక్కకు దిగింది. రెండుసార్లు కక్కినా. నేనెంతమందికి రాయలేదు ఇదే వరస."

అది అపెండిసైటిస్ అని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. పక్కింటామెను తీసుకుని వెంటనే బయల్దేరమన్నాను. ఆదివారం బస్సులు తక్కువ, ఎండ తగ్గినాక ఏదన్నా ఆటో చూస్తానంది. వద్దు, నేనే కారు తీసుకుని వస్తాను, రెండు గంటల్లో ఉంటాను, కర్నూలుకు తీసుకొస్తాను అన్నాను.

"నీకే గుండెకాయలో స్టెంటు ఏసి నెల కాలేదు గదా. ఈ ఎండల్లో కారు తోలుకోని యాడొస్తావు?"

"వస్తున్నానంతే" అని ఫోన్ పెట్టేశాను. చొక్కా వేసుకున్నాను. మందులు జేబులో పెట్టుకున్నాను. చెప్పులు తొడుక్కుని కారు తాళం చేతిలోకి తీసుకున్నాక ఫోన్ మోగింది.

"తగ్గిందప్పా" అంది. "ఇప్పుడే. హాయిగా ఉండాది. రావాకు. రేపు పొద్దున నేనే వస్తా కర్నూలుకు."

గొంతు నిజంగానే తేటగా ఉంది. ఆయాసం లేదు.

"నిజంగానా అక్కా?"

"నిజంగానే. నువ్వు బువ్వ తింటివా?"

ఇక్కడ ఒకటి రాయక తప్పదు. నాకు కూడా హాయిగా అనిపించింది. బయట ఎండ చూసి, రెండు గంటల దారి తలుచుకుని, గుండెలో ఏదో బరువు దిగినట్టయింది. దగ్గమని నేను అడగలేదు. ఫోన్లో దగ్గమన్నా ఆమె చెయ్యి ఎక్కడ పెట్టుకుందో కనపడదు. తాళం మేకుకు తగిలించాను. చెప్పులు విప్పాను. కంచం పెట్టుకుని తిన్నాను.

సోమవారం పొద్దున పక్కింటామె ఫోన్ చేసింది. "అక్క లేయడంలేదు సార్, కడుపు ముట్టుకుంటే చెక్కలాగుండాది" అంది. ఆటోలో వేసుకుని, ఊళ్లో అంబులెన్సులోకి మార్చి, కర్నూలులో ఒక పెద్ద ఆసుపత్రికి తెచ్చారు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. స్ట్రెచర్ దించేటప్పుడు చక్రం గచ్చు అంచుకు తగిలి కుదిపింది. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. నా చెయ్యి నా కడుపు మీదికి పోయింది. ఆ అలవాటు అప్పుడు మొదలయింది.

వాళ్లు ఆలస్యం చేయలేదు. గంటలోపల ఆపరేషన్‌కు సిద్ధం చేశారు. కడుపంతా చీము అని తర్వాత చెప్పారు. బుధవారం సాయంత్రం పోయింది. ఆమె మంచం కింది రేకుపెట్టె ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ఎవరికివ్వాలో తెలియక ఉంచుకున్నాను. సమాధి దగ్గరికి గనిమనిషి వచ్చాడు. మట్టి వేస్తుంటే దుమ్ముకు దగ్గు వచ్చి, వంగి వంగి దగ్గాడు. రెండు చేతుల్లోనూ మట్టే ఉంది. పొట్ట మీదికి ఏ చెయ్యీ పోలేదు.

నాకు ఇవేవీ అంతగా గుర్తుకు రావు. సోమవారం పొద్దున ఆపరేషన్ గది బయట బెంచీ దగ్గర జరిగింది గుర్తుకొస్తుంది. ఒక చిన్నవయసు డాక్టరమ్మ అట్టకు బిగించిన కాగితంతో వచ్చింది. కోస్తా వైపు అమ్మాయి అని మాటలో తెలుస్తోంది.

"పేషెంటు తాలూకు ఎవరండీ? మీరేమవుతారు?"

నేను తెలిసినవాణ్ణి అన్నాను.

"నొప్పి ఎప్పట్నుంచండీ?"

"మొన్నట్నుంచి మేడం" అంది పక్కింటామె.

"మొన్న కాదు" అన్నాను నేను. "శనివారం పొద్దున, పాలబండి పోయినాక. ఆరున్నర అనుకోండి. బొడ్డు దగ్గర మొదలయింది. సాయంత్రానికి కుడివైపు కిందికి దిగింది. రెండు వాంతులు."

ఆ అమ్మాయి తలెత్తి నన్ను చూసింది. ఇంత వరసగా చెప్పేవాళ్లు ఆమెకు దొరికి ఉండరు.

"మధ్యలో ఎప్పుడన్నా సడన్‌గా తగ్గిందా?"

"తగ్గిందని చెప్పింది."

"ఎప్పుడు?"

జేబులోంచి ఫోన్ తీశాను. వచ్చిన కాల్స్‌లో పక్కింటామె నంబరు కిందనే అక్క పేరు ఉంది. "ఆదివారం మధ్యాహ్నం మూడుంబావు" అన్నాను.

"నిజంగా తగ్గిందంటారా, లేక ఊరికే అలా అన్నారా?"

డాక్టరమ్మ చేతిలో కాగితం వైపు చూశాను. గడులు అంచు నుంచి అంచు దాకా ఉన్నాయి. మార్జిన్ లేదు.

"నేను పోలేదమ్మా" అన్నాను. "ఫోన్లో చెప్పింది."

డాక్టరమ్మ ఒక గడిలో టిక్కు పెట్టి, పక్కన టైము వేసి, లోపలికి పరుగెత్తింది. ఏ గడిలో పెట్టిందో నేను చూడలేదు.